వెనకగది గోడ

తన ఇంటి తలుపు తానే తట్టి బయట నిలబడవలసి వచ్చినందుకు సిస్టరమ్మకు ముందు నవ్వే వచ్చింది. రిజిస్ట్రేషన్ అయి వారం దాటింది. కాగితాల ప్రకారం గుమ్మం ఆమెది, గుమ్మానికున్న గడియ ఆమెది, గడియకు పట్టిన తుప్పు కూడా ఆమెదే. అయినా లోపలినుంచి ఎవరో వచ్చి తీస్తే తప్ప అడుగు పెట్టడానికి లేదు.

"ఇంకోసారి కొట్టనా?" అని అడిగింది పక్కనున్న కూతురు.

వద్దన్నట్టు తల ఊపింది. ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పని కాబట్టి ఎదుటివాళ్ళు నిదానంగా కదలడం ఆమెకు అలవాటే. అక్కడ మొదలైన సిస్టరమ్మ అన్న పిలుపు వీధుల్లోకి కూడా వచ్చేసి, ఇప్పుడు ఇంట్లోవాళ్ళు తప్ప అందరూ అలాగే పిలుస్తున్నారు.

తలుపు తీసింది మేస్త్రీ. ఇల్లు అమ్మింది ఆయన. ఇటుక ఇటుకా పేర్చి దాన్ని కట్టుకున్నదీ ఆయనే. పొడుగాటి మనిషి, ఈ మధ్య కాస్త వంగాడు. చెవిమీద పెన్సిలు ముక్క ఉంది. పనిలోకి వెళ్ళడం మానేసినా పెన్సిలు మాత్రం అక్కడినుంచి దిగలేదు.

"రండమ్మా, రండి" అన్నాడు గాని, గుమ్మంలోంచి పక్కకు తప్పుకోవడానికి కాసేపు పట్టింది.

ముందుగదిలో సామానంతా కట్టి సిద్ధంగా ఉంది. మంచం విప్పి పట్టెలు గోడకు ఆనించారు. గిన్నెలు గోనెసంచుల్లోకి ఎక్కాయి. అట్టపెట్టెలన్నిటికీ తాళ్ళు బిగించి ముళ్ళు వేశారు. ఆ పెట్టెలమీద సన్నగా దుమ్ము పేరుకుని ఉండడం సిస్టరమ్మ కంట పడింది. అవి కట్టింది నిన్న కాదు, మొన్న కాదు.

కిందటిసారి వచ్చినప్పుడు లారీ దొరకలేదన్నాడు. అంతకు ముందు మబ్బు పట్టింది, సామాను తడిసిపోతుందన్నాడు. ఈసారి వంతు మోకాళ్ళది. అవి కూచుంటే లేవనివ్వడం లేదట, లేస్తే కూచోనివ్వడం లేదట. ఆదివారానికల్లా తప్పకుండా ఖాళీ చేస్తానని, మాట తప్పే మనిషిని కానని, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ వెనకగదికి వెళ్ళే సందు మొదట్లో, రెండు గోడలమీదా చెరో చెయ్యి వేసి నిలబడ్డాడు. లోపల కుట్టుమిషను చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. ఆయన భార్య మాత్రం బయటికి రాలేదు.

ఆదివారమే తన సామాను కూడా కదలాలని, అద్దె ఇంట్లోకి కొత్తవాళ్ళు సోమవారం దిగుతున్నారని సిస్టరమ్మ చెప్పింది. గొంతు పెంచలేదు. మేస్త్రీ తల ఊపాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

వీధిలోకి వచ్చాక కూతురు అంది. "అమ్మా, ఆయన అబద్ధాలాడుతున్నాడు."

"అవును."

"మరి ఏమీ అనవేం?"

"అబద్ధం ఆడడం చాతకాని మనిషి ఆడుతున్నాడు. ఎందుకో తెలియాలి కదా."

ఆ సాయంత్రమే మరిది వచ్చాడు. సరుకుల వ్యాను నడుపుతాడు. అన్న పోయిన దగ్గరనుంచీ ఈ ఇంటికి ఏ అవసరం వచ్చినా వ్యాను తాళం చేతిలో తిప్పుకుంటూ ముందుగా దిగేది అతనే. సంగతి విని తాళం తిప్పడం ఆపాడు. ఆదివారం పొద్దున్నే సామాను తీసుకెళ్ళి మేస్త్రీ గుమ్మం ముందు దించేస్తానని, నలుగురూ గుమిగూడితే ముసలాయన మోకాళ్ళు వాటంతట అవే బాగవుతాయని అన్నాడు.

"అన్నయ్య ఉంటే ఇలా నాన్చేవాడా వదినా?" అని కూడా అన్నాడు.

సిస్టరమ్మ పళ్ళేలు కాగితాల్లో చుడుతోంది. చుట్టడం ఆపలేదు. "మీ అన్నయ్య ఉంటే ఈపాటికి ఆ మేస్త్రీతో కూచుని టీ తాగుతూ ఉండేవాడు" అంది. మరిదికి ఆ మాట నిజమని తెలుసు. తాళం జేబులో వేసుకున్నాడు.

వాళ్ళు సర్దుకుంటూ ఉండగా ఇల్లుగలావిడ వచ్చింది. ఖాళీ అవుతున్న గదులు చూసుకుంటానంది. చెప్పులు గుమ్మంలో విడిచి, గోడ పొడుగునా అరచెయ్యి రాస్తూ నడిచింది. మూలల్లో వంగి చూసింది, తలుపు వెనక చూసింది. ఆ ఇంట్లో మేకు కొట్టకూడదన్నది మొదటిరోజే పెట్టిన షరతు. అందుకే గడియారం కిటికీలో కూచునేది, అద్దం బీరువాకు ఆనుకుని ఉండేది. కిందటి ఏడాది వానాకాలంలో పోయిన మనిషి ఫోటో కూడా ఇప్పటికీ అలమరలో డబ్బాల ముందు నిలబెట్టే ఉంది. పసుపు డబ్బా కావాలంటే ఆయన్ని కాస్త పక్కకు జరపాలి.

"నీలాంటివాళ్ళు మళ్ళీ దొరకరమ్మా" అంది ఇల్లుగలావిడ మనస్ఫూర్తిగా. "ఇన్నేళ్ళున్నారు, గోడమీద ఒక్క గీత లేదు. అసలు ఈ ఇంట్లో ఎవరూ ఉన్నట్టే లేదు."

ఆవిడ మెచ్చుకునే అంది. సిస్టరమ్మ కూడా అలాగే పుచ్చుకుని, సంతోషమండీ అంది. ఆవిడ వెళ్ళాక మాత్రం చుట్టిన పళ్ళేన్నే మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టింది.

శనివారం పొద్దున కట్ల గది ముందు బెంచీ నిండిపోయింది. మెకానిక్ షెడ్డులో పనిచేసే అతనొకడు వచ్చి మోచెయ్యి చాపాడు. గీరుకుపోయింది, కాస్త మందు రాయమన్నాడు. గీత చిన్నది, ఆరిపోయింది కూడా. సిస్టరమ్మ మందు రాస్తూ అతని రెండో చెయ్యి ఎక్కడుందో చూసింది. జేబులో ఉంది. రోగి కూచుని మందు రాయించుకుంటూ చెయ్యి జేబులో పెట్టుకోడు.

"అది కూడా ఇలా ఇవ్వు" అంది.

అరచెయ్యి కాలింది. ఇంట్లో తెలిస్తే పనికి వెళ్ళనివ్వరని తనే గుడ్డపీలిక చుట్టుకున్నాడు. అది పుండుకు అంటుకుపోయింది. ఆమె లాగలేదు. ఉప్పునీళ్ళలో ముంచిన దూది దానిమీద వేసి, చెయ్యి తన చేతిలో పెట్టుకుని, నానేవరకూ ఊరికే కూచుంది. అతను కప్పుకేసి చూస్తూ షెడ్డు యజమానిని తిట్టాడు, ఎండను తిట్టాడు. ఎవరొచ్చినా అంతే. నొప్పి ఉన్న చోటు తప్ప మిగతా ఒళ్ళంతా చూపిస్తారు.

పీలిక మెత్తబడి అంచు పైకి లేచింది. సరిగ్గా అప్పుడు సిస్టరమ్మకు సందు మొదట్లో చేతులు చాపి నిలబడ్డ మేస్త్రీ గుర్తొచ్చాడు. లారీని చూపించాడు, మబ్బును చూపించాడు, మోకాళ్ళను చూపించాడు. వెనకగది మాత్రం చూపించలేదు.

మధ్యాహ్నం భోజనానికి వదలగానే ఆమె ఆ ఇంటికి నడిచింది. మేస్త్రీ లేడు. తలుపు తీసిన ఆయన భార్య మెడలో కొలతల టేపు వేలాడుతోంది. సిస్టరమ్మను చూసి ఆవిడ కంగారుపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసినట్టు పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

సందులోంచి మనిషి నడవాలంటే భుజాలు కాస్త ఒదిగించుకోవాలి. దాని చివర, మలుపులో, వెనకగది. పట్టపగలు కూడా బల్బు వెలుగుతోంది. ఇల్లు చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు సిస్టరమ్మ భర్త ఈ గుమ్మంలోనే ఆగి, గోడమీద తడుముకుని, "మిట్టమధ్యాహ్నం స్విచ్చి వెతుక్కునే గది" అని నవ్వాడు. ఇల్లంతా నచ్చింది, ఈ ఒక్క గదికే వంక పెట్టాడు. తర్వాత రెండో మాట చెప్పడానికి ఆయన లేడు.

గదినిండా ఒక బల్ల ఉంది. దానికీ గోడలకూ మధ్య మనిషి తిరిగేంత చోటు మిగిలిందంతే. మనిషికన్నా పొడుగు, గది ఎత్తుకన్నా పొడుగు, అతుకన్నది లేని ఒకే పలక. ఏళ్ళ తరబడి గుడ్డ జారీ జారీ పైభాగం చేపపొట్టలా నునుపుదేలింది. సగం బల్లమీద బడి చొక్కాల నీలంగుడ్డ వరసలు వరసలుగా పరిచి ఉంది, దానిమీద సుద్దగీతలు.

రెండో సగంలో, నట్టనడిమి అంచున, ఒక రంపపు గాటు. లోపలి చెక్క ఇంకా తెల్లగా ఉంది. కింద నేలమీద చిటికెడు రంపపు పొట్టు.

"మొన్న పొద్దున పెట్టాడు రంపం" అంది ఆవిడ. "నాలుగు లాగులు లాగి ఆపేశాడు. నేనేమీ అనలేదు. అననందుకే ఆపాడేమో."

తర్వాత ఆవిడ బల్ల సంగతంతా చెప్పింది. వడ్రంగి అయిన ఆవిడ అన్నయ్య చేసిచ్చిన బల్ల అది. అప్పట్లో ఇది గది కాదు, పెరటివైపు వరండా. పెరట్లోంచి నలుగురు మోసుకొచ్చి దించారు. వానజల్లు కొట్టి గుడ్డ తడుస్తోందని ఆవిడ ఒకసారి అంటే, ఆ ఆదివారమే మేస్త్రీ గోడ మొదలుపెట్టాడు. అంత తొందరగా గోడ లేపినవాడు ఊళ్ళో లేడని అప్పుడు అందరూ అన్నారట. ఆవిడ కోసం కట్టాడు, బల్ల చుట్టూ కట్టాడు. ఎప్పటికైనా దాన్ని బయటికి తియ్యాల్సి వస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. సందులో అది తిరగదు. నిలబెడదామంటే కప్పు అడ్డొస్తుంది.

"కోసి మళ్ళీ అతికించుకోకూడదా పిన్నిగారూ?"

ఆవిడ గుడ్డముక్క ఒకటి తీసి బల్లమీద పరిచి, కొసన పట్టుకుని లాగింది. గాటు దాకా నీళ్ళమీద జారినట్టు వచ్చింది. గాటు దగ్గర ఒక్క పోగు పట్టుకుంది, గుడ్డంతా ముడత పడింది.

"కూతురింటి పక్కన షట్టరున్న గది చూశాం. ఆయన ఇక ఎక్కి దిగే పనులు చెయ్యలేడు. ఇప్పుడు ఇల్లు గడిచేది దీనిమీదే" అని గుడ్డ సరిచేసింది. "నిన్ను మోసం చెయ్యాలని కాదమ్మా. ఆయన్ని ఊళ్ళో ఏమని పిలుస్తారో తెలుసుగా?"

తెలుసు. కొలత మేస్త్రీ అంటారు. టేపు పెట్టకుండా కంటితో చూసి చెప్పినా వేలెడు తేడా రాదని పేరు.

వీధితలుపు చప్పుడైంది. మేస్త్రీ సందులో ఒదిగి నడిచివచ్చి, గుమ్మంలో సిస్టరమ్మను చూసి నిలిచిపోయాడు. చెవిమీది పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ చేతిని ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

"సాయంత్రం కోసేస్తానమ్మా" అన్నాడు. "రేపటికి ఇల్లు ఖాళీ. మాటంటే మాటే."

ఆయన భార్య సుద్దముక్క తీసుకుని గీత గీయడం మొదలుపెట్టింది. గీత తిన్నగానే వస్తోంది గాని, గీసిన చోటే మళ్ళీ గీస్తోంది.

సిస్టరమ్మ బల్ల చుట్టూ నడిచి పెరటివైపు గోడ దగ్గరికి వెళ్ళింది. గాలి కోసం పైన వదిలిన జానెడు కంత తప్ప కిటికీ లేదు. అరచేత్తో గోడ తట్టింది.

"ఇది తీసేస్తే కప్పు పడుతుందా?"

"కప్పు దీనిమీద లేదమ్మా, వరండా స్తంభాలమీద ఉంది. ఇది ఊరికే మధ్యలో అడ్డుగోడ" అని, ఆమె ఎందుకడుగుతోందో అప్పుడు అర్థమై, చెయ్యి అడ్డంగా ఊపాడు. "వద్దు. ఆ మాట అనకండి. సంతకం పెట్టేముందు ఈ సంగతి తోచి ఉంటే నేనే పగలగొట్టుకునేవాణ్ణి. ఇప్పుడది నా గోడ కాదు. మీ గోడ పగలగొట్టమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"మీరు అడగలేదుగా."

"మీరు ఇంకా దిగనైనా దిగలేదు. మొదటిరోజే కన్నం పడిన ఇల్లు..."

"మేస్త్రీగారూ" అంది సిస్టరమ్మ. గోడమీదినుంచి చెయ్యి తియ్యలేదు. "ఇన్నేళ్ళలో మేము ఏ గోడకీ ఒక మేకు కొట్టి ఎరగం. ఇది నా గోడ. నేను చెప్తున్నాను, పగలగొట్టండి."

ఆయన భార్య సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుని, "ఉండమ్మా, టీ పెడతాను" అని సందులోకి వెళ్ళిపోయింది. మేస్త్రీ రంపపు గాటును బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు, రుద్దితే పోతుందేమోనన్నట్టు.

సాయంత్రం మరిదికి ఫోను చేసి, రేపు వచ్చేటప్పుడు సామాను మోసే మనుషులతోపాటు పెద్ద సమ్మెట కూడా ఒకటి పట్టుకురమ్మంది.

"అదీ మాట వదినా" అన్నాడు మరిది. "తాళానికా, తలుపుకా?"

"గోడకి" అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున వ్యాను దిగిన మరిది మొహంలో తగువుకు సరిపడా కోపం ఉంది. పెరట్లో అడుగుపెట్టేసరికి మేస్త్రీ గోడమీద పెన్సిలుతో నిలువు గీతలు గీసి, అంచులు ఉలితో చెక్కుతున్నాడు. ఇటుకలు పగలకుండా వరసనబడి ఊడతీస్తే మళ్ళీ పనికొస్తాయట. సంగతి విన్న మరిది కోపం ఎక్కడ దింపాలో తెలియక సమ్మెటను నేలమీద దింపాడు.

"మొదటి దెబ్బ మీరే వెయ్యండమ్మా" అన్నాడు మేస్త్రీ. "గోడ మీది. నేను మొదలుపెడితే నాకు చెయ్యి ఆడదు."

సమ్మెట ఆమె అనుకున్నదానికంటే బరువుంది. ఎత్తి కొట్టింది. పెచ్చు ఒకటి రాలి చెప్పుమీద పడింది. కూతురు నవ్వింది. "అంతేనా అమ్మా? అది గోడే, పేషంటు కాదు!"

రెండో దెబ్బకు ఇటుక కదిలింది. మూడోది ఎవరికోసం వేసిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. లోపలికి కన్నం పడింది. కన్నంలోంచి చూస్తే, అటువైపు బల్బు వెలుతురులో కత్తిరించిన గుడ్డలు మడతపెడుతున్న ఆవిడ చేతులు కనిపించాయి.

అక్కడినుంచి మగవాళ్ళు అందుకున్నారు. మేస్త్రీ మోకాళ్ళు ఆ పూట ఎవరికీ గుర్తురాలేదు, ఆయనకు కూడా. ఇటుక ఇటుకా తీసి సున్నం గీకి, కూతురి చేతికిచ్చి దొంతి పెట్టించాడు. గోడ సగం దిగాక ఆగి, టేపు తెచ్చి బల్ల కొలిచాడు, గోడ తెరిచిన మేర కొలిచాడు, మళ్ళీ బల్ల కొలిచాడు.

"ఈసారి సరిగ్గానే కొలిచారా?" అన్నాడు మరిది.

అందరూ ఒక్క క్షణం మేస్త్రీకేసి చూశారు. ఆయన భార్యే ముందు నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, గట్టిగా. అప్పుడు మేస్త్రీ కూడా నవ్వాడు. "నీ పెళ్ళికి పందిరి నన్నే వెయ్యమను, చెప్తా" అన్నాడు. ఈ వారమంతా ఆయన భయపడింది ఈ నవ్వుకే. తీరా వచ్చాక అది ఆయన్ని ఏమీ చెయ్యలేదు.

మరిదీ, అతని మనుషులూ, మేస్త్రీ కలిసి బల్ల ఎత్తారు. ఆవిడ పక్కనే నడిచింది, గాటున్న చోట అరచెయ్యి ఆనించి, తొలిసారి నడిచే పిల్లను పట్టుకున్నట్టు. రెండువైపులా వేలెడు సందుతో బల్ల బయటికి వచ్చింది. ఎండలో పడేసరికి దాని రంగే వేరు. లోపల నల్లగా కనిపించిన చెక్క తేనెరంగులో ఉంది. పొడుగునా నీటిచారల్లాంటి గీతలు. ఆవిడ ఆగి చూసుకుంది. "ఇన్నాళ్ళూ ఇలా ఉందా ఇది" అంది, ఎవరితోనూ కాదు.

వ్యానులోకి బల్ల ఎక్కింది, వెనక మంచంపట్టెలు, పెట్టెలు. ఆవిడ సిస్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని, బడి చొక్కాలే కాదు, అన్ని కొలతల బట్టలూ కుడతానని, పాప కొలతలు తనకు కంటికి తెలిసిపోయాయని చెప్పి ముందుసీటు ఎక్కింది.

మేస్త్రీ బల్ల దించి వచ్చి గోడ పని చూస్తానని వాళ్ళతో వెళ్ళాడు. సామాను దించి, అదే వ్యానులో అద్దె ఇంటి సామాను వేసుకుని మరిది తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం వాలింది. పెట్టెలు లోపలికి చేరుతుండగా వీధితలుపు ఎవరో తట్టారు. మూడుసార్లు, మెల్లగా.

సిస్టరమ్మ వెళ్ళి తలుపు తీసింది. మేస్త్రీ. చేతిలో తాపీ, భుజాన రాత్రికి గోడ స్థానంలో కట్టడానికి పరదాపట్ట, చెవిమీద పెన్సిలు. ఇంటి వెనక గోడ మొత్తం తెరిచే ఉంది. పెరట్లోంచి బండి కూడా తోలుకు రావచ్చు. ఆయన వీధంతా చుట్టి వచ్చి, తను కట్టిన గుమ్మం ముందు, చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా అమ్మా?"

ఆమె పక్కకు తప్పుకుని, "రండి" అంది.

గోడ ఎలా కట్టమంటారని అడిగాడు. ఎప్పటిలాగే అయితే ఇటుకలు సరిపోతాయన్నాడు. సిస్టరమ్మ గోడ తీసిన చోట నిలబడి రెండు చేతులూ బారచాపింది. "ఇంత కిటికీ పెట్టండి" అంది. మేస్త్రీ టేపు తియ్యలేదు. ఆమె చేతుల్ని కంటితో చూసి, నేలమీద పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టాడు.

మరిది చివరగా వ్యానులోంచి దుప్పట్లో చుట్టిన ఫోటో తెచ్చాడు. రెండో చేతిలో మేకూ సుత్తీ ఉన్నాయి. "వదినా, అన్నయ్యని ఎక్కడ పెడదాం? చెప్పు, కొట్టేస్తాను."

ఆమె చుట్టూ చూసింది. "ముందు గోడ కట్టనీ" అంది. "కిటికీ పక్కన కొడదాం. తొందరేముంది, మన గోడే."

అతను ఫోటోని ఇటుకల దొంతిమీద, వెలుతురుకు ఎదురుగా నిలబెట్టి టీ తేవడానికి వెళ్ళాడు. కూతురు పెరట్లో మేస్త్రీకి నీళ్ళు పోస్తోంది. తడి ఇసుకలో తాపీ గరగరలాడుతోంది.

గదిలో ఒక్కతే మిగిలాక సిస్టరమ్మ తలెత్తి చూసింది. బల్బు ఇంకా వెలుగుతోంది. పొద్దుటినుంచి ఇంతమంది తిరిగారు, ఎవరూ గమనించలేదు. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి స్విచ్చి నొక్కి బల్బు ఆర్పింది.

గదిలో వెలుతురు రవ్వంత కూడా తగ్గలేదు.